బొగ్గు సీమలో పల్లె వారసత్వం: రామగుండం–గోదావరిఖని

రామగుండం–గోదావరిఖని బొగ్గు సీమ పెద్దపల్లి జిల్లాలో గోదావరికి దక్షిణపు ఒడ్డున ఉంది. సింగరేణి సంస్థ లెక్కల్లో ఇది ఆర్జీ-1, ఆర్జీ-2, ఆర్జీ-3 ఏరియాలు. బయటివాళ్లకు ఇది బొగ్గు, కరెంటు, ఎరువుల ఊరు. ఈ వ్యాసం వీటి గురించి కాదు. గనుల్లో పనికి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లు వెంట తెచ్చుకున్న దేవతలు, పండుగలు, పాటలు, కథాగానాలు, వరుసపెట్టి పిలుచుకునే పిలుపులు ఇక్కడి విషయం. చేతితో తాకి చూపలేని ఇలాంటి సంపదను యునెస్కో 2003 అక్టోబరు 17న ఆమోదించిన ఒప్పందం అమూర్త సాంస్కృతిక వారసత్వమని పేర్కొంది. భారతదేశం ఆ ఒప్పందంలో 2005లో చేరింది. ఒక సమూహం తనదిగా గుర్తించేది, తరం నుంచి తరానికి అందించేది, పరిసరాలు మారినప్పుడల్లా మళ్లీ కొత్తగా చేసుకునేది అని ఆ ఒప్పందం దాని లక్షణాలు చెబుతుంది. మూడో లక్షణానికి బొగ్గు సీమను మించిన ఉదాహరణ తెలుగు నేలపై దొరకడం కష్టం.

పట్నం చేరిన పల్లె సంస్కృతి క్రమంగా అంతరిస్తుందని సాధారణంగా అనుకుంటారు. గోదావరిఖనిలో అలా జరగలేదు. పల్లె నుంచి వచ్చిన ఆచారాలే ఈ ఊరిని ఊరుగా చేశాయి. ఆ ఆచారాలు పుట్టిన పల్లెల కింది నేలే తవ్వకంలోకి పోవడం మొదలైనప్పుడు అసలు ముప్పు వచ్చింది.

గనులు, మనుషులు

1871లో భారత భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ ఇల్లెందు దగ్గర సింగరేణి గ్రామ పరిసరాల్లో బొగ్గు ఉందని గుర్తించారు. ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో హక్కులు పొంది, 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలుపెట్టింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇప్పటికీ ఆ రోజునే సింగరేణి దినోత్సవం జరుపుతారు. 1945లో వాటాల్లో ఎక్కువ భాగాన్ని నిజాం ప్రభుత్వం కొన్నది. నేడు సంస్థలో తెలంగాణ రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. ఇల్లెందు, బెల్లంపల్లి, కొత్తగూడెం తర్వాత గనులు రామగుండం చేరింది 1960లలో. ఆ వెనుకే థర్మల్ విద్యుత్ కేంద్రం, ఎరువుల కర్మాగారం, 1980లలో ఎన్‌టీపీసీ వచ్చాయి.

అప్పటిదాకా ఇక్కడ ఉన్నవి జనగామ వంటి చిన్న ఊళ్లు, అడవి, నది. గనుల్లోకి కార్మికులు పాత కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల నుంచి వచ్చారు. ఎక్కువమంది దళితులు, వెనకబడిన కులాలవాళ్లు. దొరల వెట్టి భరించలేక కొందరు, కరువుకు తాళలేక కొందరు, నెల జీతం ఆశతో కొందరు 'బొగ్గుబాయి' దారి పట్టారు. తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గు నింపే ఫిల్లర్లుగా, టబ్బులు తోసే ట్రామర్లుగా చేరారు. ఇంటి పెద్ద బాయిల దిగితే, పెద్దకొడుకో తమ్ముడో ఊళ్లో ఉండి ఎవుసం చూసుకునేవాడు. ఒకే కుటుంబం రెండుచోట్ల బతికింది.

ఈ రెండుచోట్ల బతుకు గని హాజరు పట్టీలో కనిపిస్తుంది. నాట్ల కాలంలో, మేడారం జాతర రోజుల్లో, ఊళ్లో పెళ్లికో చావుకో మస్టర్లు తగ్గి నాగాలు పెరిగేవి. అధికారులు దీన్ని క్రమశిక్షణ లోపంగా రాసుకున్నారు. కార్మికుడు తన ఊరికి ఎంత కట్టుబడి ఉన్నాడో చెప్పే నమ్మదగిన లెక్క ఇంతకంటే లేదు. జీతం పోయినా సరే ఊళ్లో బోనం తప్పకూడదని నమ్మిన మనుషులు వాళ్లు.

గని ముందు మైసమ్మ

తెలంగాణ పల్లెలో మైసమ్మ చెరువు కట్ట మీద ఉంటుంది. కట్ట తెగకుండా, నీళ్లు ఊరిమీద పడకుండా కాపాడే తల్లి ఆమె. బొగ్గు సీమలో ఆమె గని ముఖద్వారానికి వచ్చింది. దాదాపు ప్రతి గని దగ్గరా మైసమ్మ గుడి ఉంటుంది. లాంప్ రూమ్‌లో క్యాప్ ల్యాంప్ తీసుకున్న కార్మికుడు ఆమెకు మొక్కి లోపలికి దిగుతాడు. ఏటా బోనాలు చేస్తారు. అధికారి, కార్మికుడు, యూనియన్ నాయకుడు ఒకే వరుసలో నిలబడే సందర్భాల్లో ఇదొకటి.

ఈ మార్పులో తర్కం ఉంది. గనిలోనూ భయం నీటిదే, పైకప్పుదే. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు చనిపోయారు. చెరువు కట్టను కాచే తల్లిని గని గుమ్మం దగ్గర నిలుపుకోవడం ఆ భయం తెలిసినవాళ్లు తీసుకున్న నిర్ణయం. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లు, బండ కూలే చోట ఎనిమిది గంటలు పనిచేసే మనిషికి ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఆలోచించాలి. భద్రతా నియమాల పని వేరు, మైసమ్మ పని వేరు. కార్మికుడికి రెండూ కావాలి.

గోదావరికి ఉత్తరాన మందమర్రి దగ్గర బొక్కలగుట్ట పక్కన గాంధారి కోటలో మైసమ్మ ఇంకా పాతది. అక్కడి జాతర నాయకపోడులది. కర్రతో చేసిన ముఖాలతో వాళ్లు చేసే లక్ష్మీదేవర ఆట ఈ ప్రాంతపు అరుదైన కళల్లో ఒకటి. బొగ్గు సీమ అంతటికీ గోండులు, కోయలు, కోలాములు, నాయకపోడులే మొదటి నివాసులు. గనులతో ఎక్కువ పోగొట్టుకుని తక్కువ పొందినవాళ్లు కూడా వాళ్లే. బొగ్గు సీమ సంస్కృతి గురించి రాసేటప్పుడు చాలామంది ఈ మాట దాటవేస్తారు.

బతుకమ్మ నుంచి దసరా దాకా

పెత్రమాస నాడు పెద్దలకు బియ్యమిచ్చి, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. తొమ్మిదో నాటి సద్దుల బతుకమ్మతో ఆట ముగుస్తుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను, బోనాలను రాష్ట్ర పండుగలుగా ప్రకటించింది. గోదావరిఖనికి ఆ ప్రకటన కొత్త అర్థమేమీ ఇవ్వలేదు, ఎందుకంటే అక్కడ ఆ పండుగ అంతకుముందే కాలనీల పండుగ. గౌతమినగర్‌లో, యైటింక్లైన్ కాలనీలో, సెంటినరీ కాలనీలో క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో వేరువేరు ఊళ్ల, వేరువేరు కులాల ఆడవాళ్లు ఒకే వలయంలో చప్పట్లు కలుపుతారు. పల్లెలో బతుకమ్మ చాలాచోట్ల వాడవాడకు విడివిడిగా ఉండేది. క్వార్టర్లు కులాన్ని బట్టి కేటాయించినవి కావు. అందువల్ల ఇక్కడ ఆ వలయం పెద్దదైంది. పల్లె నుంచి వచ్చిన ఆచారం పల్లెలో లేనంత కలుపుగోలుతనాన్ని బొగ్గు కాలనీలో సంపాదించుకుంది. కులం పోయిందని దీనర్థం కాదు. పెళ్లి సంబంధాల దగ్గర అది అలాగే ఉంది.

మంథని వైపు నుంచి వచ్చిన ఆమె పాడే పాటలో ఒక కథ ఉంటే, హుజూరాబాద్ వైపు ఆమె పాడే పాటలో ఇంకొకటి ఉంటుంది. ఉయ్యాలో అని అందరూ అందుకుంటారు కాబట్టి ఆట ఆగదు. ఇలా పాటలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కాలనీ మీదుగా ప్రయాణించాయి. సెలవుకు ఇంటికి వెళ్లిన కోడలు కాలనీలో నేర్చిన పాటను అత్తగారి ఊళ్లో పాడితే అది అక్కడి పాట అయింది. జానపద సాహిత్యంపై బిరుదురాజు రామరాజు పరిశోధనతో మొదలైన విశ్వవిద్యాలయ కృషి ఎక్కువగా పల్లెలను చూసింది. కార్మిక కాలనీలను అంత శ్రద్ధగా చూడలేదు. వరంగల్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠానికి గోదావరిఖని ఎంతో దూరం లేదు. ఆ పని ఇప్పటికైనా చేయవచ్చు.

పూల సంగతి విడిగా చెప్పాలి. బతుకమ్మకు ముఖ్యమైనవి తంగేడు, గునుగు. గునుగు జొన్న, మక్క చేన్లలో కలుపుగా మొలిచేది. పత్తి విస్తరించి, కలుపు మందులు వచ్చాక అది తగ్గింది. తంగేడు బీడు భూముల చెట్టు. ఓపెన్‌కాస్టులు, మట్టిదిబ్బలు ఆక్రమించినవి ఆ బీళ్లనే. పండుగ నాడు చౌరస్తాలో పల్లె ఆడవాళ్లు కట్టలుగా తెచ్చి అమ్మే గునుగు ఏడాదికేడాది దూరం నుంచి రావలసి వస్తోంది. పువ్వు లేకుండా పాట మిగలదు, చేను లేకుండా పువ్వు మిగలదు. అమూర్త వారసత్వానికి మట్టి ఎంత అవసరమో ఈ ఒక్క పువ్వు చాలు చెప్పడానికి.

దసరాకు ఈ సీమలో ఉన్న ప్రాధాన్యం సంక్రాంతికి లేదు. సంస్థ లాభాల్లో కార్మికులకు వాటా ఇచ్చే పద్ధతి 1999 తర్వాత వచ్చింది. అది చేతికందేది ఎక్కువగా పండుగ ముందే కాబట్టి బట్టల కొట్లు, మేకల అంగళ్లు కిటకిటలాడతాయి. జమ్మి ఆకును బంగారమని ఇచ్చి అలాయ్ బలాయ్ తీసుకునేటప్పుడు సూపర్‌వైజరు, జనరల్ మజ్దూరు తేడా కాసేపు పక్కకు పోతుంది. 2023లో వచ్చిన 'దసరా' సినిమా నేపథ్యం ఈ నేలే. ఇక్కడి యాస దేశమంతా వినపడటానికి అది కారణమైంది, సారా మత్తు తప్ప ఇంకేమీ లేని ఊరన్న భావన కలిగించడానికీ కొంత కారణమైంది.

గోదావరి ఒడ్డున గద్దెలు

మేడారం సమ్మక్క–సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ జరుగుతుంది. 1996లో దానికి రాష్ట్ర పండుగ హోదా వచ్చింది. నాలుగు రోజులూ గనులు ఖాళీ చేసి అందరూ మేడారం వెళ్లడం కుదరదు. అందుకని గోదావరిఖని దగ్గర నది ఒడ్డునే గద్దెలు వెలిశాయి. మేడారంలో జరిగే రోజుల్లోనే ఇక్కడా జాతర జరుగుతుంది. నదిలో స్నానం చేసి, బెల్లాన్ని నిలువెత్తు బంగారంగా తూచి, ఎదురుకోళ్లతో మొక్కు తీరుస్తారు. బొగ్గు సీమలో ఇంకొన్ని చోట్ల కూడా ఇలాంటి గద్దెలు ఉన్నాయి. షిఫ్టు వదులుకోలేని మనిషి దేవతను తన దగ్గరికి పిలుచుకున్నాడు. ఆదివాసీ వీరవనితల జాతర అలా కార్మికుల జాతర కూడా అయింది. ఈ విస్తరణ మంచిదే, కాని కోయ పూజారుల హక్కు, అడవిలోని మూలం మసకబారకుండా చూసుకోవడం భక్తుల బాధ్యత.

ఒగ్గు, చిందు: కుల పురాణాల హక్కు

తెలంగాణలో చాలా కులాలకు తమ పుట్టుక కథ చెప్పే ఆశ్రిత కళాకారులున్నారు. గొల్ల కురుమలకు ఒగ్గువాళ్లు మల్లన్న, బీరన్న కథలు చెప్పి రంగుల ముగ్గుతో పట్నాలు వేస్తారు. మాదిగలకు చిందువాళ్లు, డక్కలివాళ్లు; పద్మశాలీలకు కూనపులివాళ్లు; ముదిరాజులకు కాకిపడగలవాళ్లు. ఏ కుటుంబం ఏ ఊళ్లలో అడగాలో తరతరాలుగా తేలిన హక్కు ఉంటుంది. దాన్ని మిరాశి అంటారు. ఒగ్గుకథలో చుక్క సత్తయ్య, మిద్దె రాములు, చిందు భాగవతంలో చిందు ఎల్లమ్మ పేర్లు రాష్ట్రమంతా తెలిసినవే.

గనులు వచ్చాక ఈ ఏర్పాటు వింతగా సాగింది. మిరాశి ఊరిది, కాని ఊళ్లోని ఇంటిపెద్ద గోదావరిఖనిలో ఉన్నాడు. జీతం రాళ్లు పడేది అక్కడే. కాబట్టి కళాకారులు క్వార్టర్ల దాకా వచ్చారు. ఇరుకు క్వార్టరు ముందు టెంటు వేసి రాత్రంతా మల్లన్న కథ చెప్పించడం, పెద్దపట్నం వేయించడం ఇప్పటికీ ఉంది. ఇంట్లో ఎవరైనా చనిపోతే పాటతో దుఃఖాన్ని పంచుకునే కళాకారులను పిలిపించే ఆనవాయితీ కూడా ఉంది. ఓ మనిషి జీవితాన్ని అతని వాళ్ల ముందు పాడి చెప్పడం ఎంత పెద్ద పనో చూసినవాళ్లకు తెలుసు. నెల జీతం కొన్నాళ్లు ఈ కళలకు ఆసరాగా నిలిచింది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉంది. రామగుండం పట్టణ జనాభా 2001లో 2.36 లక్షలైతే, 2011లో 2.29 లక్షలకు తగ్గింది. కథ చెప్పించే ఇళ్లు ఆ మేరకు తగ్గాయి. కాంట్రాక్టు కార్మికుడి కూలి ఒగ్గుకథ చెప్పించేటంత లేదు.

హోలీకి ముందు పిల్లలు ఇల్లిల్లూ తిరిగి ఆడే జాజిరి, బతుకమ్మకు ముందు ఆడపిల్లల బొడ్డెమ్మ, ఎండాకాలం చిరుతల రామాయణం, హిందువులూ ముస్లింలూ కలిసి చేసే పీరీల పండుగ కూడా ఈ సీమకు వచ్చాయి. వీటిలో బొడ్డెమ్మ, జాజిరి బాగా బలహీనపడ్డాయి.

పోరాటం పల్లె బాణీలోనే పాడింది

1981లో కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. ఒకరోజు సమ్మెకు ఎనిమిది రోజుల వేతనం కోసే నిబంధనపై వచ్చిన ఆగ్రహం అది. ఆ ఏడే సింగరేణి కార్మిక సమాఖ్య ఏర్పడింది. ఆనాటి సభల్లో వినిపించింది పుస్తకాల భాష కాదు. ఒగ్గు డోలు, డప్పు, కోలాటం, బతుకమ్మ బాణీ కట్టిన పాట. దండేపల్లి మండలం లింగాపురంలో పుట్టిన గూడ అంజయ్య, మంథని ప్రాంతపు రచయిత అల్లం రాజయ్య ఈ నేల మాటను పాటలోకి, కథలోకి తెచ్చారు. 2002 నుంచి ఆటపాటల ధూంధాం వేదికలు ఇదే సంపదను తెలంగాణ ఉద్యమానికి వాడుకున్నాయి. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెలకు పైగా గనులు ఆపారు. బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుందని రాష్ట్రానికి తెలిసింది. ప్రాంతీయ అస్తిత్వం అన్న పెద్ద మాట ఇక్కడ డప్పు మీద, యాస మీద, బతుకమ్మ మీద నిలబడింది. అప్పటిదాకా సినిమాల్లో వెక్కిరింపుకు గురైన మాటతీరు వేదికెక్కి గౌరవం పొందింది.

గనిలో తోటివాణ్ని 'కాక', 'మామ', 'బావ', 'తాత' అని పిలిచే అలవాటు కూడా ఊరిదే. పెద్దపల్లి ఎంపీగా పనిచేసిన కార్మిక నాయకుడు జి. వెంకటస్వామిని జనం 'కాక' అనే పిలిచారు.

ప్రపంచంలో ఇతర బొగ్గు సీమలూ ఇలాంటి బంధాన్ని కట్టుకున్నాయి. కింగ్ సింగరేణి బొగ్గును గుర్తించిన 1871లోనే ఇంగ్లండులోని డరమ్‌లో గని కార్మికుల జాతర మొదలైంది. అక్కడి గనులన్నీ మూతపడ్డాక కూడా ఊరూరి జెండాలు, బ్యాండు మేళాలతో జనం ఏటా వస్తున్నారు. జర్మనీ చివరి నల్లబొగ్గు గనిని 2018 డిసెంబరులో మూసింది. ఆ రెండుచోట్లా గని పోయినా ఊరు మిగిలింది. ఇక్కడ గని ఉండగానే ఊళ్లు పోతున్నాయి.

ఊరు లేచిపోతే

భూగర్భ గనిలో ఊరు పైన ఉండగా మనిషి కింద పనిచేశాడు. ఓపెన్‌కాస్టులో ఊరినే పక్కకు జరపాలి. రామగుండం సీమలో 1970ల నుంచి ఓపెన్‌కాస్టులు మొదలయ్యాయి. ఇప్పుడు సింగరేణి ఉత్పత్తిలో సింహభాగం వాటిదే. మేడిపల్లి, లద్నాపూర్ వంటి పేర్లు ఈ సీమలో గనులతో, భూసేకరణతో కలిసే వినిపిస్తాయి. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు నీటి కింద మరికొన్ని ఊళ్లు పోయాయి. ఒకవైపు గని, మరోవైపు నీరు.

ఊరు లేచిపోయినప్పుడు ఏం పోతుందో తెలియాలంటే బొడ్రాయిని చూడాలి. ఊరి నడుమ పాతిన ఆ రాయి ఊరి బొడ్డు. దాన్ని ప్రతిష్ఠించినప్పుడు, ఏళ్ల తర్వాత మళ్లీ పండుగ చేసినప్పుడు, పెళ్లిచేసి పంపిన ఆడబిడ్డలందరినీ పిలుస్తారు. బట్టలు పెట్టి, ఒడిబియ్యం పోస్తారు. ఊరి పొలిమేర చుట్టూ బలి చల్లుతారు. ఆ సమయంలో ఊరు దాటి పోవద్దని, బయటివాళ్లు రావద్దని కట్టడి చేస్తారు. ఎవరు ఈ ఊరివాళ్లు అన్న ప్రశ్నకు ఆ పండుగ రోజుల్లో ఊరే సమాధానం చెబుతుంది. ఇక వేపచెట్టు కింద పోచమ్మ, చెరువు మీద మైసమ్మ, పెద్దల సమాధులు, పీరీల కొట్టం, పొలిమేర రాయి ఇవన్నీ ఒక దానికొకటి దిక్కుగా ఉంటాయి. బోనం ఏ వాడ నుంచి బయల్దేరి ఏ మలుపు తిరిగి ఏ చెట్టు దగ్గర ఆగాలో ఆ దిక్కులే నిర్ణయిస్తాయి.

పునరావాస కాలనీలో ఇంటికో ప్లాటు వస్తుంది. ఊరు ఒకేచోటికి కాకుండా నాలుగు చోట్లకు చెదిరితే బొడ్రాయి పండుగకు పిలిచేదెవరు? పరిహారం పంచుకుని కొందరు గోదావరిఖనికి, కొందరు పెద్దపల్లికి, కొందరు కరీంనగర్‌కు వెళ్లిపోతే డోలు కొట్టే కుటుంబం మిరాశి ఏ ఊరిపై అడగాలి? క్వార్టరులో ఉండే కార్మికుడికి ఊరు వెనక నిలబడినంత కాలం పండుగ బలంగా ఉంది. మీదేవూరు అని అడిగితే చెప్పే పేరు రికార్డుల్లోంచి పోయిన రోజున, కాలనీలో ఆడే బతుకమ్మ కూడా మూలం తెగిన ఆటవుతుంది. వేదిక మీద ప్రదర్శించడం, పోటీలు పెట్టడం, యూట్యూబ్‌లో పాటలు వేయడం మంచివే. ఊరు లేచిపోయిన చోట అవి ఊరికి ప్రత్యామ్నాయం కావు.

ఈ నష్టాన్ని తగ్గించడానికి కొత్త చట్టం అక్కరలేదు. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భూసేకరణ, పునరావాస చట్టం (2013) మూడో షెడ్యూలు కొత్త కాలనీలో పూజా స్థలాలు, శ్మశానం, ప్రతి యాభై కుటుంబాలకు జనం కూర్చునే రచ్చకట్ట లాంటి చెట్టుకింది అరుగు, ఆదివాసీ సంప్రదాయ సంస్థలకు విడిగా భూమి ఉండాలని చెబుతుంది. చాలా కాలనీల్లో రోడ్డు, కరెంటు గురించి జరిగినంత చర్చ ఈ అంశాలపై జరగదు. ఊరు ఖాళీ చేయించే ముందు జరిపే సామాజిక సర్వేలో ఇళ్లు, బావులు, చెట్లతో పాటు బొడ్రాయి, దేవతల స్థలాలు, బోనం దారి, ఆ ఊరిపై మిరాశి ఉన్న కళాకార కుటుంబాలు కూడా రాయాలి. ఊరిని ఒకేచోటికి తరలించాలి. పండుగకు చాలినంత ఖాళీ స్థలం, దానిలో తంగేడు, గునుగు పెరిగే బీడు వదలాలి. యునెస్కో జాబితాలో భారతదేశం నుంచి 2025 నాటికి పదహారు అంశాలు చేరాయి. తెలుగు నేలకే ప్రత్యేకమైనది వాటిలో ఒక్కటీ లేదు. జాబితా సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందుగా లేచిపోబోతున్న ఊళ్ల గ్రామసభలు మూడో షెడ్యూలును తెలుగులో చదివించుకుని, అందులోని రచ్చకట్టను, శ్మశానాన్ని, దేవతల జాగాను పరిహారం చెక్కుతో పాటే అడగాలి.